రెండో ఆదివారం పర్యావరణ కార్యక్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో అన్ని కాలనీల్లాంటి కాలనీ మాది. పక్కన చెరువు, చెరువు కట్ట మీద చెత్త, ఆ చెత్త మీద రోజూ వాట్సాప్‌లో గొడవ. గొడవ పడేవాళ్లలోంచే పదిమందిమి నెలకోసారి, రెండో ఆదివారం పొద్దున, పార్కులో వేపచెట్టు కింద కలవడం మొదలుపెట్టాం. ఇప్పుడు ఒక్కోసారి నలభై మంది వస్తారు, ఒక్కోసారి ఏడుగురే. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి, జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాం.

అసలు ఆ రోజు ఏం చేస్తారు? ఉపన్యాసాలా?

ఉపన్యాసం పది నిమిషాలు దాటనివ్వం. మిగతాదంతా చేతుల పని. ఏ నెలలో ఏం చెయ్యాలో చాలావరకు కాలమే చెప్తుంది. మృగశిర కార్తె వచ్చాక విత్తనాల మార్పిడి. వానలు కుదురుకున్నాక మొక్కలు. వినాయక చవితి ముందు ఆదివారం మట్టి గణపతులు. బతుకమ్మ ముందు చెరువు కట్ట శుభ్రం. చలికాలంలో పాత బట్టలు, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం. ఫిబ్రవరిలో పక్షుల లెక్క. ఎండాకాలంలో ఎవరూ ఎండలోకి రారు కాబట్టి కంపోస్ట్ పాఠం నీడలో పెట్టుకుంటాం. జూన్ 5న పర్యావరణ దినోత్సవమని పెద్దగా ఏమీ చెయ్యం. ఒకసారి చేశాం, ఆ కథ కింద ఉంది.

డబ్బు కట్టాలా? పేరు రాయించుకోవాలా?

రెండూ అక్కర్లేదు. మట్టి గణపతి రోజు మాత్రం ముందే చెప్పండి, ఎంతమందికి మట్టి నానబెట్టాలో తెలియాలి.

ఏం తెచ్చుకోవాలి?

ఇంటి నుంచి నీళ్ల సీసా, ఒక స్టీలు గ్లాసు. టోపీ, పాత చెప్పులు ఉంటే మంచిది.

గ్లాసు ఎందుకంటారా? మా మొదటి కార్యక్రమానికి పర్యావరణ దినోత్సవమని ఉత్సాహంగా చిన్న నీళ్ల సీసాలు అట్టపెట్టెలకొద్దీ తెప్పించాం. చెరువు కట్ట మీద రెండు గంటలు వంగి ఏరిన చెత్త మూడు గోనె సంచులకు వచ్చింది. అందరూ వెళ్లాక చూస్తే మేం తాగి వదిలేసిన సీసాలతో నాలుగో సంచి నిండింది. వాటిలో సగం సీసాల్లో నీళ్లు ఇంకా ఉన్నాయి. ఆ సంచి మోసుకెళ్లింది నేనే. అప్పటినుంచి కుండ పెడుతున్నాం. గ్లాసు మర్చిపోయినవాళ్లు దోసిలి పడతారు, వచ్చే నెల మర్చిపోరు.

టిఫిన్ పెడతారా? దేంట్లో?

పెడతాం, సాధారణంగా ఉప్మానో అటుకుల పులిహోరో. స్టీలు పళ్లేల్లో. తిన్నవాళ్లే కడగాలి. రెండు బక్కెట్ల నీళ్లు, కొబ్బరి పీచు పక్కన పెడతాం.

పేపర్ ప్లేట్లు, పేపర్ కప్పులు పెడితే తప్పేంటని చాలామంది అడుగుతారు. పేపర్ కప్పు లోపల వేలితో రుద్ది చూడండి, జారుతుంది. అది పల్చటి ప్లాస్టిక్ పూత. అది లేకపోతే టీ పోసిన కాసేపటికే కప్పు మెత్తబడుతుంది. ఆ పూత వల్లే అది అటు కాగితంలోకీ ఇటు ప్లాస్టిక్‌లోకీ చేరదు. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ అయితే 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. కిరాణా కొట్లో ఇంకా దొరుకుతున్నాయి కదా అంటే, అవును, దొరుకుతున్నాయి.

మన పెద్దవాళ్లు మోదుగ విస్తళ్లు కుట్టుకునేవారు. ఉత్తరాంధ్రలో అడ్డాకులు, గోదావరి జిల్లాల్లో అరటాకు. తిన్నాక పెంటకుప్పలో వేస్తే ఎరువు. విస్తరాకులు ఇప్పటికీ దొరుకుతాయి కానీ కొనేముందు తిప్పి చూడండి. కొన్నిటికి అడుగున పాలిథిన్ అంటిస్తున్నారు.

కాలనీ స్టీలు సామాన్లు మా ఇంట్లో ఫంక్షన్‌కి ఇస్తారా?

ఇస్తాం. సిద్దిపేట జిల్లాలో ఊళ్లకు స్టీల్ బ్యాంకులు పెట్టిన సంగతి చదివి మేమూ మొదలుపెట్టాం. వంద పళ్లేలు, వంద గ్లాసులు, చెంచాలు, గరిటెలు, రెండు పెద్ద గిన్నెలు. అద్దె లేదు, అడ్వాన్స్ మాత్రం తీసుకుంటాం. ఒక్క పెళ్లిచూపులకో సీమంతానికో ఇవి వెళ్తే రాకుండా ఆగే చెత్త, మేం ఏడాదంతా చెప్పే మాటలకంటే ఎక్కువ. కడిగి తుడిచి లెక్కపెట్టి ఇవ్వండి. ప్రతిసారీ తగ్గేవి చెంచాలే. ఎక్కడికి పోతాయో ఇప్పటికీ అంతుచిక్కలేదు.

మట్టి గణపతి చేస్తే పగుళ్లు వస్తున్నాయి. ఎందుకు?

మూడు కారణాలు. మట్టిలో నీళ్లు ఎక్కువవడం, సరిగ్గా పిసక్కపోవడం, ఎండలో పెట్టడం. చెరువు మట్టి తెచ్చి, రాళ్లూ వేర్లూ ఏరేసి, ముందురోజు రాత్రి నానబెట్టాలి. పొద్దున చపాతీ పిండిలా పిసకాలి, అది కూడా చేతులు నొప్పెట్టేదాకా. ముద్ద చేతికి అంటుకోకూడదు, నొక్కితే అంచులు చీలకూడదు. కొందరు కాస్త దూది కలుపుతారు, పట్టు బాగుంటుంది. తల, బొజ్జ విడివిడిగా చేసి అతికేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పల్చటి మట్టినీళ్లు పూసి నొక్కండి. ఊరికే ఆనించి వదిలేస్తే ఆరాక తొండం ఊడి చేతిలోకి వస్తుంది, పిల్లలు ఏడుస్తారు. నీడలోనే ఆరనివ్వాలి. బొమ్మ జానెడు దాటితే లోపల తడి ఆరక విరుగుతుంది, కాబట్టి చిన్నదే చెయ్యండి.

రంగులక్కర్లేదు. కళ్లకు గురివింద గింజలు పెట్టడం పాత అలవాటే కానీ వాటిలో విషముంది, చిన్నపిల్లలున్న ఇంట్లో మిరియాలు పెట్టుకోండి. ఇంకో ముచ్చట. నిమజ్జనం తర్వాత మొలుస్తాయని ఒకాయన బొజ్జలో మెంతులు పెట్టారు. ముసురు పట్టి మట్టి ఆరలేదు. పూజ రోజు పొద్దుటికల్లా స్వామివారి బొజ్జ మీద పచ్చటి మొలకలు. ఆయనకు కోపమొచ్చింది కానీ మిగతా అందరికీ ఆ విగ్రహమే నచ్చింది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం పెడితే మాత్రం నష్టమేంటి? ఒక్కటే కదా.

నీళ్లలో వేస్తే నెలలు గడిచినా పూర్తిగా కరగదు. పైన పూసిన రంగులు నీళ్లలో చేరతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మట్టి విగ్రహాలనే పెట్టమంటున్నాయి. ఇంట్లో చిన్న మట్టి గణపతిని బక్కెట్లో నిమజ్జనం చేసి, ఆ నీళ్లూ మట్టీ తులసికోటలో పోసుకోవచ్చు. బక్కెట్లో వద్దు, నీళ్లలో కలిస్తేనే తృప్తి అనేవాళ్లకి నిమజ్జనానికని జీహెచ్‌ఎంసీ కట్టిన చిన్న కొలనులు, బేబీ పాండ్లు, ఉన్నాయి. పత్రి, పూలదండలు మాత్రం నీళ్లలో వెయ్యకండి. కట్ట మీద మా గోనె సంచి ఉంటుంది, అందులో వేస్తే కంపోస్ట్ అవుతాయి.

పత్రి అన్నాం కాబట్టి. చవితి ముందురోజు పిల్లలతో ఇరవై ఒక్క పత్రి వెతికే ఆట ఆడతాం. గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త ఖాళీ ప్లాట్లలోనే దొరుకుతాయి. రేగు, మామిడి, రావి, జమ్మి, దానిమ్మ, గన్నేరు వీధుల్లో. మాచీపత్రం, మరువం పూలకొట్టు ఆవిడే ఇస్తుంది. ఇప్పటిదాకా మాకు పదిహేడు దాటలేదు. దేవదారు మన దగ్గరెక్కడ? కొమ్మలు విరవొద్దని, తలా ఒక్క ఆకే అని ముందే ఒప్పందం. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగించాలి, వీటన్నిటిలోనూ విషముంది.

కంపోస్ట్ డబ్బా కంపు కొడుతోంది, పురుగులు కూడా వచ్చాయి. పారేయమంటారా?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. పారేయకండి.

కంపు వస్తోందంటే లోపల తడి ఎక్కువై గాలి ఆడడం లేదన్నమాట. వంటింటి చెత్తలో నీళ్లే ఎక్కువ. దోసతొక్కలు, పుచ్చకాయ, కడిగిన టీపొడి ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే అది కుళ్లుతుంది, ఎరువవదు. ఒక వంతు తడి చెత్త వేస్తే దాని మీద రెండు వంతులు ఎండాకులు వెయ్యాలి. ఎండాకుల్లో కర్బనం ఎక్కువ, కూరగాయ తొక్కుల్లో నత్రజని ఎక్కువ, రెండూ కలిస్తేనే సూక్ష్మజీవులు పని చేస్తాయి. ఆకులు లేకపోతే కొబ్బరిపొట్టు, రంపపు పొట్టు, చింపిన అట్టపెట్టె ముక్కలైనా సరే. మూడురోజులకోసారి కర్రతో కలపండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకులు, పొడిపొడిగా రాలితే కాస్త పుల్లమజ్జిగ నీళ్లు.

పురుగుల సంగతి. గోధుమరంగులో, చదునుగా, చారలున్న పురుగులైతే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, కరవవు, రోగాలు తేవు. మీకంటే అవే వేగంగా ఎరువు చేస్తున్నాయి. చూడ్డానికి బాగుండవు, అంతే. మా వీధిలో ఒక పిన్నిగారు వాటిని చూసి రెండుసార్లు డబ్బా మార్చారు. ఇప్పుడు ఆవిడే కొత్తవాళ్లకి మూత తీసి చూపిస్తారు, "ఇవిగో, మా పనివాళ్లు" అని.

మాంసం, చేపముళ్లు, మిగిలిన కూర, నూనె మొదటి ఏడాది వెయ్యకండి, ఎలుకలొస్తాయి. నిమ్మ, బత్తాయి తొక్కలు కొద్దిగా పర్లేదు. రెండు మూడు నెలలకి వానకి తడిసిన నేల వాసన వస్తుంది, నల్లగా పొడిపొడిగా ఉంటుంది. అప్పుడు తీసుకోండి. వేడివేడిగా ఉంటే ఇంకా కాలేదని లెక్క.

ఎండాకులు ఎక్కడ దొరుకుతాయంటారా? పార్కులో మూల తడకల గూడు కట్టాం. శిశిరంలో రాలిన ఆకులు తగలబెట్టకుండా అందులో వేస్తారు. సంచి తెచ్చుకుని ఎంత కావాలంటే అంత తీసుకెళ్లండి.

విత్తనాల మార్పిడికి నా దగ్గర విత్తనాలే లేవు. రావచ్చా?

రండి. తీసుకెళ్లి, వచ్చే ఏడాది ఎక్కువగా తెచ్చివ్వండి. ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు అలాగే చేస్తారు, విత్తనం అప్పు తీసుకుంటే తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగిస్తారు. ఏటా సంక్రాంతికి వాళ్ల పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి, కొర్రలు, సామలు, జొన్నలు, పప్పుధాన్యాల విత్తనాలు మట్టికుండల్లో పెట్టుకుని ఊరూరా నెలరోజులు తిరుగుతారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. మేం పార్కులో బల్ల మీద పెట్టే కాగితం పొట్లాలు దాని ముందు ఎంత చిన్నవో తెలుస్తుంది.

తెచ్చేవాళ్లకి రెండు మాటలు. కొట్లో కొన్న హైబ్రిడ్ విత్తనాల మొక్క నుంచి తీసిన గింజలు తేవద్దు, అవి తల్లిలాగా కాయవు. పొట్లం మీద పేరు, మీ వీధి, తీసిన నెల రాయండి. చిక్కుడు, టమాటా, బెండలాంటివి మొదట తియ్యడానికి తేలిక. సొర, బీర, గుమ్మడి పూలను ఈగలూ తేనెటీగలూ కలిపేస్తాయి, పక్కింట్లో వేరే రకం గుమ్మడి ఉంటే మీ రకం మారిపోవచ్చు.

ఒక మామ్మగారు కర్నూలు వైపు నుంచి ఎండు సొరకాయ బుర్ర తెచ్చారు. ఊపితే గలగలమంది. "తీగ మీదే ఎండాలి నాయనా, ఊపితే మాట్లాడాలి" అన్నారు. పగలగొడితే లోపల తెల్లటి గింజలు దాదాపు మూడొందలు. బూడిద కలిపి డబ్బాలో పెట్టుకోమని చెప్పారు. ఇప్పుడు మా కాలనీలో మేడల మీద పాకే సొరతీగల్లో సగం ఆ బుర్రవే.

ఈసారి ఎన్ని మొక్కలు నాటుతున్నారు?

పన్నెండు. ఎందుకంత తక్కువని ప్రతి ఏడూ అడుగుతారు. మొదటి ఏడాది నూట ఇరవై నాటాం, ఫొటోలు కూడా బాగా వచ్చాయి. మరుసటి మే నెలకి తొమ్మిది మిగిలాయి. మొక్క పెట్టడం పావుగంట పని, దానికి రెండు ఎండాకాలాలు నీళ్లు పొయ్యడమే అసలు పని. ఇప్పుడు ఒక మొక్కకి ఒక ఇల్లు. నీళ్లు పోస్తామని మాట ఇచ్చే ఇళ్లు ఎన్ని ఉంటే అన్నే నాటుతాం.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్యగారు, వనజీవి రామయ్య అంటే అందరికీ తెలుసు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025లో పోయారు. ఆయన సైకిల్ మీద తిరుగుతూ జేబులో గింజలు పెట్టుకుని దారిపొడవునా నాటేవారు. ఆ పనికి ఫ్లెక్సీ ఎక్కడుంది?

ఏ చెట్లు?

వేప, కానుగ, నేరేడు, రావి, చింత, మద్ది. కరెంటు తీగల కింద అయితే కరివేప, నందివర్ధనం, పారిజాతం. కోనోకార్పస్ అడగొద్దు. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది నిజమే, కానీ దాని పుప్పొడి కొందరికి పడదు, మన పిట్టలకు దానితో పనిలేదు. త్వరగా పెరుగుతుందని ఒకే చెట్టు వేలకొద్దీ నాటితే ఏమవుతుందో విశాఖ వాళ్లని అడగండి. 2014 హుద్‌హుద్ తుఫానులో చెట్లు కూలిపోయాక అక్కడ ఏడాకుల పొన్న విపరీతంగా నాటారు. చలికాలం మొదట్లో అన్నీ ఒక్కసారి పూస్తే ఆ ఘాటుకి తలనొప్పి, ఊపిరాడడం లేదని జనం గోల.

చెరువులోకి దిగి గుర్రపు డెక్క తియ్యొచ్చా?

వద్దు. అడుగున బురద, గాజుపెంకులు, ఇనుప చువ్వలు, ఒక్కోసారి సూదులు ఉంటాయి. మేం కట్ట మీదే ఉంటాం. చేతులకు మందపాటి తొడుగులు, కాళ్లకు బూట్లు, పొడవాటి కర్రకి కొక్కెం. సూది కనిపిస్తే ముట్టుకోకుండా పిలవండి.

నిజం చెప్పాలంటే గుర్రపు డెక్క తియ్యడం వల్ల చెరువు బాగుపడదు. మన ఇళ్ల మురుగునీళ్లు అందులోకి పోయినంతకాలం ఆ నీళ్లలోని నత్రజని, భాస్వరం తిని అది మళ్లీ పెరుగుతుంది. యంత్రం పెట్టి తీయించినా కొన్ని నెలలే. మురుగుకాలువ ఎక్కడ కలుస్తోందో ఫొటో తీసి, మ్యాప్‌లో గుర్తుపెట్టి, మున్సిపాలిటీకి రాయడం బోరు కొట్టే పని. దానికి ఇద్దరే వస్తున్నారు, మీరూ వస్తే ముగ్గురవుతారు.

పక్షుల లెక్కకి బైనాక్యులర్లు కావాలా?

లేకపోయినా పర్లేదు. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు జరుగుతుంది, ఒక చోట కనీసం పావుగంట నిలబడి చూసింది రాసుకోవాలి. మా చెరువు దగ్గర బుడుబుంగలు, లకుముకి పిట్ట, కొంగలు, గోరువంకలు ఖాయం. పాలపిట్ట దసరాకే కాదు, అప్పుడూ కరెంటు తీగ మీద కనిపిస్తుంది. పిల్లల్ని తప్పకుండా తీసుకురండి, పెద్దవాళ్లకంటే వాళ్లకే ముందు కనపడతాయి.

పాత ఫోన్లు, బ్యాటరీలు, బల్బులు తెచ్చివ్వొచ్చా?

ఏడాదికి రెండుసార్లు తీసుకుంటాం, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్ల బండి వస్తుంది. ఫోన్‌లో ఉన్న ఫొటోలు దాచుకుని, అందులోంచి చెరిపేసి ఇవ్వండి. పగిలిన ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు అయితే కాగితంలో చుట్టి విడిగా, వాటిలో పాదరసం ఉంటుంది.

మా కాలనీలో మొదలుపెట్టాలంటే అనుమతులేం కావాలి?

పార్కు అయితే సంఘానికో మున్సిపాలిటీకో ఒక కాగితం. వందమందికి మించి వస్తారనుకుంటే, మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలని, తడి చెత్త పొడి చెత్త విడదీసి అప్పగించాలని ఘన వ్యర్థాల నియమాల్లోనే ఉంది. మైకు అక్కర్లేదు, మైకుంటే మాట్లాడేవాళ్లు పెరుగుతారు. ఆంధ్రలో ఉన్నవాళ్లకి ఇంకో వీలుంది. 2025 జనవరి నుంచి ప్రతి మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరుతో కార్యక్రమాలు జరుగుతున్నాయి కాబట్టి, ఆ రోజే పెట్టుకుంటే మున్సిపాలిటీ బండి, చీపుర్లు సులువుగా దొరకొచ్చు.

పదిమందిని పోగేశాకే మొదలుపెడతామని ఆగకండి. ఇద్దరుంటే చాలు, కలిసే రోజు, వేళ మాత్రం మార్చొద్దు. ఒకసారి శనివారం సాయంత్రం, ఒకసారి ఆదివారం మధ్యాహ్నం అంటే ఎవరికీ గుర్తుండదు.

ముఖ్య అతిథిగా మా నాయకుణ్ని పిలుద్దాం. ఫ్లెక్సీ ఖర్చు మేం పెట్టుకుంటాం.

నాయకులు రావచ్చు, అందరిలాగే గ్లాసు తెచ్చుకుని. ఫ్లెక్సీ వద్దు. మాకొక పాత పంచె మీద రంగుతో రాసిన బ్యానర్ ఉంది, తేదీ దగ్గర గుడ్డముక్క పిన్నుతో మారుస్తాం. ఎవరి పేరూ ఫొటో ఉండవు. దీని మీద ఒకాయన అలిగి మానేశారు, ఆయన మొక్క మాత్రం బాగా పెరుగుతోంది.

వాన పడితే?

కమ్యూనిటీ హాలు వరండాలో ఉంటాం. చెరువు పని ఉండదు, కంపోస్ట్ పని, విత్తనాల పని ఉంటాయి. వేడి పకోడీలు ఎవరు తెస్తారన్నది ముందురోజు గ్రూపులో తేలుతుంది. డబ్బాలో తెండి, కవర్లో కాదు.